పుల్లటివి పోయకండి

మా పిన్ని ఇంట్లో వంటగదిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. ఇల్లు కట్టినప్పుడు అది దేనికని వేశారో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. మేమందరం దాన్ని తొక్కల గది అంటాం. గోడ పొడుగునా అరలు, అరల నిండా గాజు జాడీలు, ఒక్కో జాడీ మూతికి పాత దుప్పటి ముక్క, దాని చుట్టూ రబ్బరు బ్యాండు. పళ్ళరసం దుకాణం వాళ్ళు పారేసే ఆపిల్ తొక్కలు, గింజలున్న నడిమి ముక్కలు ఆ జాడీల్లో చక్కెర నీళ్ళలో నానుతూ ఉంటాయి. పిన్ని పొద్దున్నే లేచి చెక్క గరిటెతో వాటిని కలుపుతుంది. కొన్ని వారాలకి ఆ నీళ్ళు పులిసి వెనిగర్ అవుతాయి, పైన జిగురుగా ఒక పొర కడుతుంది. ఆ పొరని పిన్ని ‘పెద్దావిడ’ అని పిలుస్తుంది. ‘ఇవాళ పెద్దావిడ ఎంత నిండుగా కూర్చుందో’ అని మురిసిపోతుంది.

నేను ఆవిడ అక్క కూతుర్ని. ఆ ఇంటి మేడ మీది గదిలో ఉంటాను, వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను. నాకు ముక్కు మీద కోపమని మా వాళ్ళందరూ అంటారు. తొక్కల గదికి సరిగ్గా పైన కాపురం పెట్టి, ఆ వాసన రోజూ పీలుస్తూ ఉంటే శాంతంగా ఎలా ఉంటారో వాళ్ళే వచ్చి చూపించాలి.

ఆ ఆపిల్ వెనిగర్‌తో పిన్ని గచ్చు తుడుస్తుంది, కిటికీ అద్దాలు తుడుస్తుంది. నా తలకి పట్టించబోతే ఒకసారి తడి జుట్టుతోనే వీధిలోకి పరుగెత్తాను. కానీ దాని అసలు భాగ్యం పెరట్లో కోళ్ళది. అవి తాగే నీళ్ళలో అప్పుడప్పుడూ ఒక పెద్ద చెంచాడు కలుపుతుంది. కడుపు బాగుంటుందట, నీళ్ళ తొట్టిలో పాచి పట్టదట, ఈకలు మెరుస్తాయట. పక్కింటివాళ్ళ కోడి కూయకపోయినా దానికి వెనిగర్ నీళ్ళు పట్టలేదు కనకే అంటుంది. ఈ గొడవ తేల్చుకుందామని నేను పశువుల ఆసుపత్రి డాక్టరమ్మనే అడిగాను. “కొంచెం కలిపితే పెద్దకోళ్ళకి ప్రమాదమేమీ లేదు. పాచి తగ్గొచ్చు. మందు మాత్రం కాదు. జబ్బు చేస్తే మా దగ్గరికే తీసుకురమ్మనండి” అందావిడ. నేను ఆ మాట పొల్లు పోకుండా తెచ్చి అప్పజెప్పాను. ప్రమాదమేమీ లేదన్నంతవరకే పిన్ని చెవికెక్కింది.

బాబాయి రేకు పనివాడు. ఇంటి ముందు గదే ఆయన దుకాణం. బకెట్లు, గరాటులు, గింజలు పోసుకునే డబ్బాలు, చూరు కింద వాననీళ్ళ గొట్టాలు, ఏది కావాలన్నా జింకు రేకుని కత్తిరించి, వంచి, అంచు మడిచి, టంకం పెట్టి ఇచ్చేవాడు. ఆయన చేసిన బకెట్టు అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పినా ఎక్కడా గీరుకోదు. అమ్మిన వస్తువు చేతికిచ్చే ముందు మాత్రం ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పేవాడు: “ఇందులో పుల్లటివి పోయకండి. జింకు కరుగుతుంది.” కొన్నది వాననీళ్ళ గొట్టమైనా సరే ఆ మాట చెప్పాల్సిందే. “గొట్టంలో పులుపు ఎవరు పోస్తారు బాబాయ్?” అని నేను వెక్కిరిస్తే, “మనుషుల్ని నమ్మలేమమ్మా” అనేవాడు.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. మనిషి దక్కాడు. కాలు దారికొచ్చింది, కుడిచెయ్యి సగం దారికొచ్చింది. మాట మాత్రం మొరాయించింది. చెప్పాలనుకున్నది లోపల ఉన్నట్టే ఉంటుంది, నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఒక్కో మాటకీ ఆయన పడే అవస్థ చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. వినేవాళ్ళు జాలిగా చూస్తే ఆయనకి చచ్చేంత సిగ్గు. దాంతో దుకాణం తలుపు మూతపడింది. పొద్దస్తమానం కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు.

పిన్ని తన వంతు చేసిందేమిటంటే, ఆయన మాటలన్నీ తనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన “నాకు...” అంటే చాలు, “మంచినీళ్ళా? తువ్వాలా? ఫ్యాను వెయ్యనా?” అని వరసపెట్టి అందించేది. ఆయన అడగబోయింది ఆ మూడూ కాకపోయినా ఏదో ఒకదానికి తల ఊపి ఊరుకునేవాడు. మాట తిరిగి వచ్చేలా సాధన చేయించే ఆవిడ ఆసుపత్రిలో గట్టిగానే చెప్పింది. “ఎంతసేపు పట్టినా ఆయన్నే ముగించనివ్వండమ్మా. మీరు మధ్యలో...” అంటుండగానే పిన్ని, “మధ్యలో అందుకోకూడదు, అంతేగా, అలాగేనండీ” అని ఆవిడ మాట కూడా పూర్తి చేసేసింది.

ఇలా ఉండగా ఫోన్లు బాగుచేసే ఆయనొకడు వచ్చి, మూసిన దుకాణం కదా, ఆ గది అద్దెకిస్తారా అని అడిగాడు. మంచి మనిషే. బాబాయి కిటికీలోంచి బయటికి చూస్తూ “ఇచ్చెయ్” అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఎక్కడా తడుముకోకుండా వచ్చింది. పిన్ని మొహం పాలిపోయింది. ఆ గది పోతే ఈయన మళ్ళీ సుత్తి పట్టుకోడని, సుత్తి పట్టుకోకపోతే నోరు విప్పడని ఆవిడ భయం. నాక్కూడా అదే అనిపించింది. “ఇంట్లోకి కోడిపిల్లలు వస్తున్నాయి. ఆ హడావిడి తీరాక చెబుతాం” అని పిన్ని ఆయన్ని పంపించేసింది. కోడిపిల్లల సంగతి ఆ క్షణం దాకా నాకూ తెలీదు, బాబాయికీ తెలీదు. ఆవిడకైనా తెలుసా అన్నది నా అనుమానం.

అన్నట్టుగానే అట్టపెట్టె వచ్చింది. చుట్టూ చిల్లులు, లోపల కిచకిచలు. పుట్టి ఒక్క రోజైన పసుపు పచ్చటి పిల్లలు. వంటగది మూల పెద్ద చెక్కపెట్టెలో రంపపు పొట్టు పరిచి, పైన వెచ్చదనానికి బల్బు వేలాడదీసి, పిల్లల్ని దింపాం. అప్పుడు పిన్ని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో, నీళ్ళు పెట్టే ప్లాస్టిక్ తొట్టి పగిలిపోయిందండీ! పారేశాను కూడా. ఇప్పుడెలా?”

“నేను బజారుకెళ్ళి తెస్తాలే పిన్నీ” అన్నాను.

ఆవిడ నావైపు గుర్రుగా చూసింది. “బజారువి రెండు రోజులుండవు. నాకు రేకుదే కావాలి. లోతు తక్కువుండాలి, పిల్లలు పడి మునగకుండా. అంచు గీరుకోకూడదు. అలాంటిది ఎవరు చేస్తారు ఈ ఊళ్ళో?” అని గోడకి చెప్పినట్టు చెప్పింది.

బాబాయి ఆ పూట కదల్లేదు. మర్నాడు పొద్దున నేను మెట్లు దిగేసరికి దుకాణం తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఆయన ఎడమచేత్తో రేకు కత్తెర పట్టుకుని, కుడిచేత్తో రేకుని బల్లకి అదిమిపెట్టి కత్తిరిస్తున్నాడు. వంకర పోయింది. ఆ ముక్క పక్కన పడేసి ఇంకోటి తీశాడు. పిన్ని వంటగది గుమ్మంలో ఉల్లిపాయ తరుగుతున్నట్టు నటిస్తూ నిలబడింది. చేతిలో ఉల్లిపాయ లేదు, కళ్ళలో నీళ్ళు మాత్రం ఉన్నాయి.

మామూలుగా అయితే ఆయన ఒక పూటలో ముగించే పని. ఆ వారమంతా పట్టింది. అందాకా పిల్లలకి చిన్న సాసర్లో నీళ్ళు పెట్టి నెట్టుకొచ్చాం. చివరికి తొట్టి తయారైంది. పొడుగ్గా, లోతు తక్కువగా, అంచులు చక్కగా లోపలికి మడిచి, ఒక మూల టంకం కాస్త ముద్దగా ఉన్నా, మొహం చూసుకునేంత తళతళా. దాన్ని ఆయన రెండు చేతులతో పట్టుకొచ్చి పిన్ని చేతిలో పెట్టాడు. “ఇందులో...” అన్నాడు.

“ఇందులో నీళ్ళు పోసి పెట్టాలి, అంతేగా! ఎంత బాగా చేశారండీ!” అంది పిన్ని, సంతోషం పట్టలేక. ఆయన ఇంకేదో చెప్పబోయి, ఆవిడ మొహంలో వెలుగు చూసి తల ఊపి ఊరుకున్నాడు.

ఆ సంబరంలో పిన్ని చెయ్యి జారింది. చెంచాతో కలపాల్సిన వెనిగర్‌ని గ్లాసుతో కలిపింది. బాబాయి చేసిన తొట్టి, తను చేసిన వెనిగర్, ఇద్దరి చేతి పనీ తాగి పిల్లలు ఏనుగుల్లా అవుతాయని ఆవిడ ఆశ. ఒక్కసారితో ఆగలేదు, తొట్టి ఖాళీ అయినప్పుడల్లా అదే వరస. బల్బు వేడికి ఆ పులుపు నీళ్ళు గోరువెచ్చగా అందులోనే నిలవున్నాయి.

కొన్నాళ్ళకి కిచకిచలు తగ్గాయి. పిల్లలు రెక్కలు వేలాడేసి, కళ్ళు మూసుకుని, ఒక మూలకి చేరి గుంపుగా నిలబడ్డాయి. మేత ముట్టలేదు. రెట్ట పల్చగా, పచ్చగా పడుతోంది. ఒక పిల్ల పొద్దుటికి పొట్టులో చచ్చి పడి ఉంది. పిన్ని దాన్ని అరచేతిలో పెట్టుకుని కూలబడిపోయింది. ఈ పిల్లలు బతికి బట్టకట్టకపోతే ఆ దుకాణం తలుపు మళ్ళీ మూసుకుంటుందని మా ఇద్దరికీ తెలుసు. “నువ్వెళ్ళి డాక్టరమ్మని తీసుకురావే, పరుగున వెళ్ళు” అంది. కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు చెప్పడం కూడా మర్చిపోయి పరుగెత్తాను.

డాక్టరమ్మ వచ్చి పిల్లల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత తొట్టి వైపు తిరిగింది. తళతళలాడిన తొట్టి లోపలంతా సుద్ద పూసినట్టు తెల్లగా, మచ్చలు మచ్చలుగా ఉంది. ఆవిడ వేలితో రాసి చూసింది.

“ఇది జింకు రేకేనా అమ్మా? నీళ్ళలో ఏం కలుపుతున్నారు?”

“ఆపిల్ వెనిగర్. మీరే అన్నారుగా ప్రమాదం లేదని!”

“ప్లాస్టిక్‌లోనో గాజులోనో కొంచెం కలిపితే అన్నానమ్మా. జింకు రేకులో కలుపుతారని నాకు తట్టలేదు. పులుపు జింకుని తినేస్తుంది, అది నీళ్ళలో కలిసి వీటి కడుపులోకి వెళ్ళింది. పైగా ఇంత పుల్లగా ఉంటే చిన్నపిల్లలు సరిగ్గా తాగవు కూడా. ముందు ఈ తొట్టి తీసెయ్యండి. మామూలు మంచినీళ్ళు పెట్టండి. మందు ఇస్తాను. ఇంకా సమయం మించిపోలేదు.”

మా వెనక ఏదో చప్పుడైంది. బాబాయి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు.

“నాకు... తెలుసు” అన్నాడు. “అందరికీ... చెప్పాను.”

“తప్పు నాదండీ! తొట్టిది కాదు, నా పులుపుది. మీ తొట్టి బంగారం” అని పిన్ని ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన విడిపించుకుని నెమ్మదిగా దుకాణంలోకి వెళ్ళాడు. సుత్తులు గోడకి తగిలించి, కత్తెర సొరుగులో పెట్టి, తలుపు మూసి తాళం వేశాడు. ఆ తాళంచెవి తెచ్చి పిన్ని చేతిలో పెట్టి, “ఇచ్చెయ్ ఆయనకి” అన్నాడు. కష్టం వస్తే పిన్ని ఏడుస్తుందని నాకు తెలుసు, కానీ ఆ రోజు ఏడవలేదు. తాళంచెవి బొడ్లో దోపుకుని వెళ్ళి కోడిపిల్లలకి మంచినీళ్ళు పెట్టింది.

నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. పిన్ని మీదా, పెద్దావిడ మీదా, నోటిదాకా వచ్చి ఆగిపోయే ఆ పాడు మాట మీదా. విని విని కంఠతా వచ్చిన మాటే, తొట్టి వచ్చిన సంబరంలో మా ఇద్దరికీ తట్టనే లేదు. నలభై ఏళ్ళు వాననీళ్ళ గొట్టం కొన్నవాడిక్కూడా చెప్పిన మాట, సొంత పెళ్ళానికి చెప్పే వేళకి ఆయన నోటికి రాలేదు. వచ్చేదేమో, ఈవిడ ఆగి ఉంటే.

మంచినీళ్ళు, మందు పనిచేశాయి. మొదట ఒక పిల్ల కళ్ళు తెరిచి పొట్టు గీరింది. తర్వాత ఇంకోటి. మేతగిన్నె దగ్గర మళ్ళీ తోపులాట మొదలైంది. పిల్లలకి పట్టింపు ఉండదు కదా, తమ ప్రాణం మీదికొచ్చిన ఇల్లే అయినా హాయిగా కిచకిచలాడాయి. నీళ్ళు మాత్రం పిన్ని వంటగిన్నెలో పెడుతోంది. అవి గిన్నె అంచెక్కి, నీళ్ళలో దిగి, తడిసి, పొట్టంతా తడిపి, నానా బీభత్సం చేస్తున్నాయి. గిన్నెలో గులకరాళ్ళు వేసి చూసింది. రాళ్ళ మీద నిలబడి ఇంకా దర్జాగా రెట్టలు వేశాయి.

ఆ తడి పొట్టు రోజూ ఎత్తి ఆరబోయడం చూసి చూసి బాబాయికి విసుగొచ్చినట్టుంది. ఒక మధ్యాహ్నం లేచి, గిన్నె మీదికి ఏదైనా మూత దొరుకుతుందేమోనని తొక్కల గదిలోకి వెళ్ళాడు. చాలాసేపు బయటికి రాలేదు. పిన్ని ఆపిల్ తొక్కలు కడుగుతోంది. నేను ఆ రోజు సెలవని బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను.

ఆయన వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ నీళ్ళ తొట్టి. ఎక్కడా చిన్న గీటు లేదు. శుభ్రంగా కడిగి, గుడ్డలో చుట్టి, కింది అరలో జాడీల వెనక దాచి ఉందట.

“పగిలింది... అన్నావు” అన్నాడు.

పిన్ని దొరికిపోయింది. మామూలుగా అయితే ఒక మాటకి పది మాటలు అప్పజెప్పే మనిషి, నీళ్ళలో చేతులు పెట్టుకుని బొమ్మలా నిలబడింది. నేను నోరు మూసుకున్నాను. నాకది తేలికైన పని కాదు.

“అబద్ధం చెప్పాను” అంది చివరికి. “ఏం చెయ్యమంటారు? మీ చేతిలో సుత్తి లేకపోతే నాకు ఈ ఇంట్లో ఊపిరాడట్లేదు. పొద్దున్నే ఆ టకటక వినపడకపోతే తెల్లారినట్టే ఉండదు. కోడిపిల్లలు కావాలని తెచ్చానా? మీరు లేచి నిలబడతారని తెచ్చాను. పాపం వాటిని నా పులుపుతో చంపుకున్నాను. ఇంక మీరు నన్ను తిట్టండి. తిట్టడానికైనా నోరు...” అని ఆగిపోయింది. ఆవిడ తన మాట తనే సగంలో ఆపేయడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆయన ఆ తొట్టిని అటూ ఇటూ తిప్పి చూశాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను లేవబోయాను. నవ్వుతున్నాడు. జబ్బు చేశాక ఆయన నవ్వు చూడటం ఇదే మొదలు.

“దీనికి... పైన...” అన్నాడు.

పిన్ని నోరు తెరిచింది. నేను ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ కాలు తొక్కాను, గట్టిగానే తొక్కాను. ఆవిడ నోరు మూసుకుంది. పంపులోంచి నీళ్ళు పోతున్నా ఎవరూ కట్టలేదు.

“దీనికి పైన... గూడు కావాలి. పిల్లలు ఎక్కకుండా. రేకుతో... చేస్తా. నీళ్ళు రేకుకి... తగలవు.” చెయ్యి చాపాడు. “తాళం.”

పిన్ని తడి చేత్తోనే బొడ్లోంచి తాళంచెవి తీసింది. ఫోన్ల ఆయనకి ఇవ్వలేదా అని ఆయన అడగలేదు. ఇచ్చి ఉండదని ఆయనకి తెలిసే ఉంటుంది.

ఆ గూడు ముందు తొట్టికంటే త్వరగా అయింది. రేకుతో వాలు కప్పు, కింద నాలుగు కాళ్ళు, పక్కన తలలు మాత్రం పట్టే కంతలు. లోపల ప్లాస్టిక్ తొట్టి పెట్టి తీసుకునేలా చిన్న తలుపు. పిల్లలు కప్పెక్కబోయి జారి కిందపడ్డాయి. మళ్ళీ ఎక్కబోయి మళ్ళీ జారాయి. తర్వాత బుద్ధిగా కంతల్లో తలలు పెట్టి నీళ్ళు తాగాయి. పొట్టు పొడిగా ఉంది. పిన్ని మళ్ళీ వెనిగర్ కలపడం మొదలుపెట్టింది, అదీ పిల్లలు పెద్దవయ్యాక, డాక్టరమ్మని అడిగి, చెంచాతో కొలిచి, ప్లాస్టిక్‌లో మాత్రమే. ఫోన్ల ఆయన ఎదురు వరసలో వేరే గది చూసుకున్నాడు.

మా వీధిలో బేకరీ ఆయనకి కూడా కోళ్ళున్నాయి. ఒక సాయంత్రం వచ్చి ఆ గూడు చూసి ముచ్చటపడ్డాడు. “ఇలాంటిదే నాకూ ఒకటి చేసిపెట్టండి. అలాగే ఒక బకెట్టు కూడా” అన్నాడు. చెప్పిన రోజుకి రెండూ తయారయ్యాయి. ఆయన వచ్చేసరికి నేను పని నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటున్నాను. పిన్ని వంటగది గుమ్మంలో తొక్కల పళ్ళెంతో నిలబడి ఉంది.

బాబాయి బకెట్టు అందుకున్నాడు. అంచు చుట్టూ ఒకసారి వేలు తిప్పి చూసుకున్నాడు. బేకరీ ఆయన చెయ్యి చాపితే ఇవ్వలేదు.

“ఇందులో...” అన్నాడు.

ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మెడ నరాలు బిగుసుకున్నాయి. బేకరీ ఆయన కంగారుగా ఇంట్లోకి చూశాడు. ఈ వీధిలో అందరికీ అలవాటైపోయింది, బాబాయి ఆగితే పిన్ని వైపు చూడటం. పిన్నికి ఆ మాట రాదా? ఆ ఇంట్లో గోడలకి కూడా వచ్చు. పళ్ళెం పట్టుకున్న ఆవిడ వేళ్ళు తెల్లబడ్డాయి. పెదవి కొరుక్కుని అలాగే నిలబడింది. నా కాలి అవసరం కూడా రాలేదు.

“ఇందులో... పుల్లటివి... పోయకండి. జింకు... కరుగుతుంది.”

“అలాగేనండీ” అని బేకరీ ఆయన రెండూ పట్టుకుని వెళ్ళిపోయాడు. తన చేతిలో బకెట్టుతో పాటు ఏం పెట్టారో ఆయనకి తెలీదు.

బాబాయి కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత ఇంట్లోకి తిరిగి, పిన్ని దాకా నడిచి వచ్చాడు.

“నీకూ చెబుతున్నా” అన్నాడు. “రేకులో... పుల్లటివి పోయకు.”

“విన్నానండీ” అంది పిన్ని. అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు.